బీదర్ కోటలో ఒక రోజు నడక: అన్నదమ్ముల పోరు, ఒక తల్లి ఓర్పు

1956 నవంబరు 1 దాకా మా జహీరాబాద్ బీదర్ జిల్లాలో ఉండేది. భాషల వారీగా రాష్ట్రాలు విడదీసినప్పుడు పాత హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లా మూడు ముక్కలైంది. బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది, కొన్ని తాలూకాలు మరాఠీ వైపు పోయాయి, జహీరాబాద్, నారాయణఖేడ్ మెదక్ జిల్లాలో కలిశాయి. మా అత్తమ్మకు ఆ రోజులు లీలగా గుర్తున్నాయి. "మా బాపు భూమి కాయిదాలకు బీదరే పోతుండె. సద్ది కట్టుకొని పొద్దుగాల పోతే మల్ల రాత్రికో, తెల్లారో ఇల్లు చేరుతుండె" అంటుంది.

ఇప్పుడు ముప్పై కిలోమీటర్ల దూరం పెద్ద లెక్క కాదు. నానక్ ఝీరా గురుద్వారాకు పోతాం, గుహలో నీళ్ళల్లో నడిచి ఝర్ణీ నరసింహస్వామి దర్శనం చేసుకుంటాం, పెళ్ళి బట్టలు కొనుక్కొస్తాం. కోటను మాత్రం పిల్లల స్కూల్ పిక్నిక్‌కు వదిలేస్తాం. ఈ చలికాలంలో మా కాలనీ ఆడవాళ్ళం ఏడుగురం, పిల్లలతో సహా, ఒక గైడును మాట్లాడుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ ఊరంతా తిరిగాం. చూసింది చూసినట్టు, విన్నదాన్ని పుస్తకాలతో సరిచూసుకుని రాస్తున్నాను. మీరు వెళ్ళేటప్పుడు పనికొస్తుంది.

ముందే ఒక మాట. రాజుల పేర్లు గుర్తు పెట్టుకోవాలని చూడకండి. అహ్మద్‌లు, మహమ్మద్‌లు, మహమూద్‌లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తికమక పెడతారు. దీన్ని ఒక పెద్ద ఇంటి కథగా వినండి. ఆస్తి ఉంది, అన్నదమ్ములున్నారు, ముందు నుంచి ఉన్నవాళ్ళూ కొత్తగా వచ్చినవాళ్ళూ ఉన్నారు. పుస్తకాల్లో దాన్ని అంతర్యుద్ధం అంటారు. మన ఇళ్ళల్లో ఇంటి పోరు అంటాం.

కోట గుమ్మం దగ్గర

పొద్దున్నే కోటతో మొదలుపెట్టడం మంచిది. లోపల నీడ తక్కువ, పదకొండు దాటితే చలికాలంలో కూడా ఎండ చురుక్కుమంటుంది. గోడలన్నీ ఎర్ర రాయి. మా జహీరాబాద్ చేలల్లో కనబడే ఎర్ర మట్టికి ఇది అక్కలాంటిది. ఈ రాతినే తొలిచి కోట చుట్టూ కందకం తవ్వారు. ఒక పక్కన అది ఒకటి కాదు, మూడు వరసలు. మధ్యలో రాతి గోడలు అలాగే వదిలేశారు. చేత్తో ఉలి పట్టుకుని ఎంతమంది ఎన్నాళ్ళు చెక్కారో ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

రెండో గుమ్మం పేరు షర్జా దర్వాజా. పైన రెండు సింహాల బొమ్మలు చెక్కి ఉంటాయి. పిల్లలు అక్కడే ఆగిపోతారు. 1503 నాటి శాసనం ఉన్న ఈ గుమ్మం కట్టేనాటికి రాజ్యం దాదాపు చేజారిపోయింది. గుమ్మం మీద సింహాలు, లోపల పేరుకు మాత్రం సుల్తాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

రాజధాని ఇక్కడికి ఎందుకొచ్చింది?

బహమనీ రాజ్యం 1347లో మొదలైంది. మొదటి రాజధాని గుల్బర్గా, అంటే ఇప్పటి కలబురగి. ఎనిమిదో సుల్తాను ఫిరోజ్ షా చదువుకున్నవాడు, చాలా భాషలు తెలిసినవాడు అంటారు. చివరి రోజుల్లో జబ్బుపడ్డాడు. తన తర్వాత కొడుకు హసన్ ఖాన్ గద్దె ఎక్కాలని ఆయన కోరిక. తమ్ముడు అహ్మద్ బతికుంటే అది జరగదని పక్కనున్నవాళ్ళు నూరిపోశారు. తమ్ముడి మీదికి సైన్యం పంపించాడు.

ఆ కష్టకాలంలో అహ్మద్‌ను ఆదుకున్నది ఖలఫ్ హసన్ అనే బస్రా వర్తకుడు. అహ్మద్ దగ్గర మనుషులు తక్కువ. ఆ వర్తకుడు బంజారాల ఎద్దులను తెచ్చి, వాటి మీద మనుషులను ఎక్కించి, చేతికి జెండాలిచ్చి దూరాన నిలబెట్టాడట. దుమ్ములో అది గొప్ప అశ్వదళంలా కనిపించి ఎదుటివాళ్ళు బెదిరిపోయారని ఫరిష్తా రాశాడు. చివరికి 1422లో అన్న తానే గద్దె దిగి తమ్ముడికి అప్పగించాడు. కొద్ది రోజులకే కన్నుమూశాడు.

తర్వాత కొన్నేళ్ళకు అహ్మద్ షా రాజధానిని బీదర్‌కు మార్చాడు. వేట కుక్క మీద నక్క తిరగబడింది, అది చూసి "ఇది పౌరుషం ఉన్న నేల" అనుకున్నాడని గైడు కథ చెప్పాడు. హంపి గురించి కూడా కుందేలుతో ఇలాంటి కథే చెబుతారు కదా. అసలు కారణాలు వేరే ఉన్నాయి. బీదర్ ఎత్తైన పీఠభూమి. గాలి మంచిది, నీళ్ళకు లోటు లేదు, రాజ్యానికి నడిమధ్యన ఉంది. కోట లోపల పదహారు స్తంభాల మసీదు, సోలా ఖంబ్, ఆ రోజులదే. దాని మీద 1423–24 నాటి శాసనం ఉంది. లోపలికి వెళ్ళగానే చల్లగా, వరసలు వరసలుగా లావాటి స్తంభాలు. మేము అక్కడే కాసేపు కూర్చున్నాం.

బస్రా వర్తకుడి సంగతి మాత్రం మరిచిపోకండి. అహ్మద్ షా ఆయన మేలు మరువలేదు. "మలిక్ ఉత్ తుజ్జార్", వర్తకులలో మేటి అని బిరుదిచ్చి పెద్ద పదవిలో కూర్చోబెట్టాడు. ఇరాన్, ఇరాక్, మధ్య ఆసియా నుంచి సముద్రం దాటి వచ్చినవాళ్ళకు కొలువులు పెరిగాయి. వాళ్ళను అఫాకీలు అన్నారు. ముందు తరాల నుంచి ఇక్కడే స్థిరపడినవాళ్ళు, ఇక్కడే పుట్టి మతం మారినవాళ్ళు, వాళ్ళతో జతకట్టిన హబ్షీలు దక్కనీలు. "ఈ నేల మాది, కొలువులు వాళ్ళకా?" అని ఒకరు, "పనితనం మాది, గౌరవం లేదా?" అని ఇంకొకరు. ముల్కీ, నాన్ ముల్కీ గొడవలు విని పెరిగిన మన తెలంగాణ ఇళ్ళల్లో ఈ మాటలు కొత్తేమీ కాదు.

ఒక భార్య ఉత్తరం

అహ్మద్ షా కొడుకు రెండో అలావుద్దీన్ 1436లో సుల్తాను అయ్యాడు. ఆయన పెళ్ళాడింది ఖాందేశ్ పాలకుడు నసీర్ ఖాన్ కూతురిని. తర్వాత కొంకణంలోని సంగమేశ్వర్ రాజును ఓడించి ఆయన కూతురినీ చేసుకున్నాడు. అందగత్తె అని ఆమెకు పరీ చెహ్రా, దేవకన్య ముఖం అని పేరు పెట్టారు. ఆమెను పుట్టింటివాళ్ళు ఏమని పిలిచేవారో ఎవరూ రాయలేదు. పెద్ద భార్య తనను పట్టించుకోవడం లేదని తండ్రికి రాసింది. తండ్రి సైన్యంతో బేరార్ మీద పడ్డాడు.

మాలో ఒక వదిన ఇక్కడ ఆపి అడిగింది: "అంటే యుద్ధం ఆడవాళ్ళ వల్ల వచ్చిందంటారా?" గైడు నవ్వి ఊరుకున్నాడు. నాకు తోచింది చెబుతాను. ఖాందేశ్ వాళ్ళకు బేరార్ మీద కన్ను ముందు నుంచీ ఉంది. కూతురి కన్నీళ్ళు వాళ్ళకు ఒక సాకు. ఒకమ్మాయిని పొత్తు కోసం ఇచ్చారు, ఇంకో అమ్మాయిని ఓడిపోయి ఇచ్చారు. ఇద్దరినీ ఎవరూ ఏమీ అడగలేదు. యుద్ధం వచ్చాక మాత్రం నెపం ఆడవాళ్ళ మీదికి వచ్చింది.

ఆ యుద్ధంలో గెలిచింది అఫాకీల దళమే. దాంతో వాళ్ళు సుల్తానుకు కుడివైపు నిలబడ్డారు, దక్కనీలు ఎడమవైపుకు పోయారు. పగ ఇంకా ముదిరింది. పదేళ్ళు తిరగకముందే కొంకణ దండయాత్రలో ఖలఫ్ హసన్ చనిపోయాడు. బతికి బయటపడిన అఫాకీలలో చాలామందిని పూణె దగ్గర చాకణ్ కోటలో దక్కనీలు నమ్మించి చంపారు.

తఖ్త్ మహల్: అన్న కోపం

కోటలో అన్నిటికంటే గుండె బరువెక్కే చోటు తఖ్త్ మహల్. సింహాసనం ఉన్న మేడ. పైకప్పులు లేవు. ఎత్తైన కమానులు, రంగు పలకల ముక్కలు అక్కడక్కడ, వెనక లోయ. ఈ గద్దె కోసం ఎంత నెత్తురు పారిందో తెలిస్తే ఫొటోలు తీసుకోబుద్ధి కాదు.

1458లో హుమాయూన్ షా గద్దెనెక్కాడు. ఢిల్లీ హుమాయూన్ వేరు, ఈయన వేరు. కొందరు ఆయన తమ్ముడు హసన్ ఖాన్‌ను సింహాసనం మీద కూర్చోబెట్టాలని చూశారు. హుమాయూన్ తమ్ముడిని పట్టి చెరలో పెట్టించాడు. మరుసటి ఏడు ఆయన సైన్యం మన తెలంగాణలో దేవరకొండ వెలమల మీదికి వెళ్ళింది. ఒడిశా గజపతుల సాయంతో వెలమలు బహమనీ సైన్యాన్ని చిత్తుగా ఓడించారు. సుల్తాను ఇంకా ఓరుగల్లు వైపు ఉండగానే బీదర్ నుంచి కబురొచ్చింది: చెరసాల పగలగొట్టి తమ్ముడిని విడిపించారు, తిరుగుబాటు మొదలైంది.

ఆయన తిరిగొచ్చాడు. హసన్ ఖాన్ బీజాపూర్ వైపు పారిపోయి అక్కడ దొరికిపోయాడు. తమ్ముడిని బీదర్‌కు తెప్పించి పులుల ముందు వేయించాడని, అతని పక్షం వాళ్ళను ఆడవాళ్ళు, పిల్లలు అని చూడకుండా హింసించి చంపించాడని ఫరిష్తా రాశాడు. చరిత్రలో ఆయనకు మిగిలిన పేరు "జాలిం", క్రూరుడు. ఇరవయ్యో శతాబ్దపు చరిత్రకారుడు హరూన్ ఖాన్ షేర్వానీ మాత్రం, ఆ రాతల్లో ఎదుటి పక్షం వాళ్ళ కసి కూడా కలిసి ఉందని, అంతా అక్షరాలా నమ్మలేమని వాదించాడు. ఇళ్ళల్లోనూ అంతే కదా. గొడవ గురించి మనం వినేది ఎవరి నోటి నుంచి వినాలో ముందు చూసుకోవాలి. కానీ తమ్ముడు చచ్చిపోయిన మాట మాత్రం నిజం.

నర్గిస్ బేగం

హుమాయూన్ మూడేళ్ళు ఏలి 1461లో పోయాడు. పెద్ద కొడుకు నిజాం షాకు ఎనిమిదేళ్ళు. మూడో తరగతి పిల్లవాడు అనుకోండి. ఆ పిల్లవాడిని గద్దె మీద కూర్చోబెట్టి రాజ్యాన్ని నడిపింది తల్లి, మఖ్దూమా జహాన్ నర్గిస్ బేగం. తోడుగా ఇద్దరు మంత్రులు, ఖ్వాజా జహాన్, మహమూద్ గవాన్. మంత్రులు పొద్దున్నే కోటకు వచ్చేవారు. పరదా వెనక రాణి, మధ్యలో మాట మోసే ఒక పరిచారిక. ఆనాటి పని అక్కడ తేలిన తర్వాతే కొలువులో జరిగేది. భర్త అన్యాయంగా చెరలో వేసినవాళ్ళను విడిపించడం ఆమె మొదట చేసిన పనుల్లో ఒకటి.

ఆడది, పసివాడు అని అలుసుగా చూసి నాలుగు వైపుల నుంచి వచ్చి పడ్డారు. మొదట ఒడిశా గజపతి. ఆ సైన్యాన్ని తిప్పికొట్టారు. 1462లో మాళవ సుల్తాను మహమూద్ ఖల్జీ వచ్చాడు. బహమనీ సైన్యం ఓడింది, బీదర్ ఊరు శత్రువు చేతికి చిక్కింది. రాణి పిల్లవాడిని తీసుకుని భీమా నది ఒడ్డున ఉన్న ఫిరోజాబాద్‌కు తరలిపోయింది. అక్కడి నుంచి గుజరాత్ సుల్తానుకు సాయం కోసం రాయించింది. గుజరాత్ సైన్యం కదిలిందని తెలియగానే మాళవ వాళ్ళు వెనక్కి తగ్గారు. ఊరు దక్కింది.

1463లో నిజాం షాకు పెళ్ళి చేశారు. ఆ వేడుకల రాత్రే పిల్లవాడు చనిపోయాడు. ఇల్లంతా దీపాలు, వచ్చిన చుట్టాలు, లోపల ఆ తల్లి. చరిత్ర దీన్ని ఒక్క వాక్యంలో దాటేసి, తర్వాత రెండో కొడుకు మూడో మహమ్మద్ షా గద్దెనెక్కాడని రాస్తుంది. అతనూ పసివాడే. ఆమె మళ్ళీ పరదా వెనక కూర్చుంది. అధికారమంతా తన చేతిలోకి తీసుకుంటున్నాడని అనుమానం వచ్చిన ఖ్వాజా జహాన్‌ను 1466లో కొలువులోనే చంపించింది కూడా. ఆమెను మెత్తని మనిషి అనలేం. కొడుకు పెద్దవాడై పెళ్ళయ్యాక రాజ్య వ్యవహారాలు వదిలేసి ప్రార్థనలకు పరిమితమైంది. అధికారం చేతికొచ్చినవాళ్ళు తమంతట తాము దిగిపోవడం ఆ ఇంట్లో ఎంత అరుదో మీరే చూశారు.

మదర్సా: ఒక దొంగ ఉత్తరం

కోట నుంచి ఊళ్ళోకి నడిస్తే మహమూద్ గవాన్ మదర్సా వస్తుంది. నీలం, తెలుపు, పసుపు పలకలు పొదిగిన మినారు ఒకటి మిగిలింది. రెండోది, ముందు భాగం చాలావరకు కూలిపోయాయి. ఔరంగజేబు కాలంలో లోపల దాచిన మందుగుండు పేలిందని చెబుతారు. 1472లో కట్టిన మూడంతస్తుల విద్యాలయం ఇది. మూడు వేల రాతప్రతుల గ్రంథాలయం ఉండేదట.

గవాన్ ఇరాన్‌లోని గిలాన్ నుంచి వర్తకుడిగా వచ్చి ప్రధానమంత్రి అయ్యాడు. అఫాకీ అయినా పదవులు రెండు పక్షాలకూ సమంగా పంచాలని చూశాడు. నాలుగు పెద్ద రాష్ట్రాలను ఎనిమిది చేశాడు. మన తెలంగాణ రాజమండ్రి, వరంగల్ అని రెండైంది. ఒక్కో అధికారి చేతిలో ఒక్క కోటే ఉండాలన్నాడు. పెద్ద తలకాయలకు కోపం వచ్చింది.

ఆయన ముద్ర కాపలా ఉన్న బానిసను మచ్చిక చేసుకుని, తాగించి, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించారు. దాని మీద ఒడిశా గజపతికి రాసినట్టు ఉత్తరం పుట్టించారు: సుల్తాను తాగుబోతు, దండెత్తి రండి, పంచుకుందాం అని. 1481 ఏప్రిల్ 5న కొండపల్లి దగ్గర విడిదిలో మూడో మహమ్మద్ షా ఆ ఉత్తరం చూపించాడు. ముద్ర నాదే, రాత నాది కాదు అన్నాడు గవాన్. మత్తులో ఉన్న సుల్తాను వినలేదు. డెబ్భై దాటిన ఆ ముసలాయన తల అక్కడే తెగింది. కొండపల్లి అంటే మనకు కొయ్య బొమ్మలే గుర్తొస్తాయి. ఈ మాట తెలిశాక ఆ పేరు వేరేగా వినబడుతుంది.

తర్వాత ఆయన ఇంట్లో వెతికితే పెద్ద నిధులేవీ దొరకలేదు. సొంత వ్యాపారం రాబడితో బతికి, మిగతాది పేదలకూ చదువుకూ ఇచ్చేవాడని కోశాధికారి చెప్పాడు. సుల్తాను ఏడాది తిరగకుండానే దిగులుతో, తాగుడుతో పోయాడు. వాట్సాప్‌లో ఎవరో పంపిన స్క్రీన్‌షాట్ చూసి చుట్టరికాలు తెంచుకునే రోజులివి. ముద్ర నిజమైనంత మాత్రాన మాట నిజం కాదని పిల్లలకు చెప్పడానికి మదర్సా ముందర ఉన్న అరుగు మంచి చోటు.

పంపకాలు

గవాన్ పోయాక ఆపేవాళ్ళు లేరు. 1487లో దక్కనీలు కోటలోకే చొరబడి కొత్త సుల్తాను మహమూద్ షాను చంపబోయారు. ఆయన బురుజు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నాడు. తెల్లారాక దక్కనీలను నరకమని హుకుం ఇచ్చాడు. మూడు రోజులు ఊళ్ళో ఊచకోత. షర్జా దర్వాజా మీద సింహాలు చెక్కించింది ఈ సుల్తాను కాలంలోనే.

రాజ్యం అయిదు ముక్కలైంది. బీజాపూర్, అహ్మద్‌నగర్, బేరార్ ముందుగా విడిపోయాయి. బీదర్ కొలువు నుంచి తెలంగాణకు అధికారిగా వెళ్ళిన సుల్తాన్ కులీ గోల్కొండలో కుతుబ్ షాహీ వంశానికి మూలపురుషుడయ్యాడు. అంటే మన హైదరాబాద్ కథ కూడా ఈ ఇంటి పోరులోంచి పుట్టిందే. బీదర్ బరీద్ షాహీల పాలయింది. వాళ్ళ రంగీన్ మహల్ కోటలోనే ఉంది. నల్ల రాతిలో ముత్యపు చిప్ప పొదిగిన పని చూడాలి. తాళం వేసి ఉంటే సిబ్బందిని అడిగి తీయించుకోండి. 1619లో బీజాపూర్, 1657లో ఔరంగజేబు, ఆ తర్వాత నిజాం. "పోరు నష్టం, పొందు లాభం" అని మన పెద్దలు ఊరికే అన్నారా?

అష్టూరు సమాధులు

సాయంత్రం ఆటోలో అష్టూరు వెళ్ళండి, ఊరికి మూడు కిలోమీటర్లు. తలకు చున్నీయో కొంగో కప్పుకోండి. అహ్మద్ షా సమాధి లోపల గోడల నిండా రంగులు, బంగారు రాతలు. ఆయనను వలీ అని, మహాత్ముడని కొలుస్తారు. ఏటా జరిగే ఉర్సుకు ముస్లింలతో పాటు హిందువులు, లింగాయతులు వస్తారు. కలబురగి జిల్లా మాడ్యాళ నుంచి ఒక జంగమయ్య వచ్చి ఆ ఉత్సవం జరిపిస్తాడు. అన్నతో గద్దె కోసం పోరాడిన మనిషి దగ్గరికే ఇన్ని కులాలు, మతాల వాళ్ళు కలిసి వస్తారు.

అదే వరసలో హుమాయూన్ సమాధి. పిడుగు పడి గుమ్మటం సగం కూలిందని చెబుతారు. మిగిలిన సగం ఆకాశంలోకి చూస్తున్నట్టు ఉంటుంది. పైవాడే శిక్షించాడని జనం అనుకుంటారు. దాని పక్కనున్న సమాధి ఆయన భార్యదంటారు. చివరి సుల్తానుల సమాధులు చూస్తే మన ఊళ్ళో మామూలు గోరీలంత చిన్నవి. మొదటి గుమ్మటం నుంచి చివరి గోరీ దాకా నడిస్తే చాలు, రాజ్యం ఎలా కరిగిపోయిందో పుస్తకం చదవకుండానే తెలుస్తుంది.

మా ఇళ్ళల్లో ఎకరం చెరకు తోట కోసం ఇరవై ఏళ్ళుగా మాట్లాడుకోని అన్నదమ్ములు ఉన్నారు. మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటారు. వాళ్ళ భార్యలు పెళ్ళిళ్ళలో ఎదురుపడితే కళ్ళతోనే పలకరించుకుంటారు. వాళ్ళ పిల్లలు ఒకే బడిలో చదువుతారు. సుల్తానుల కథ దూరంగా అనిపించినా, అక్కడ నిలబడితే నాకు గుర్తొచ్చింది వీళ్ళే. కాగితాలు పెద్దలు బతికుండగానే సరిచేసుకోవాలి. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించగలిగిన మనిషి ఇంట్లో ఉన్నప్పుడే ఆ పని చేయించుకోవాలి. చాలా ఇళ్ళల్లో ఆ మనిషి పరదా వెనక, అంటే వంటింట్లో ఉంటుంది. ఆమె మాటను బయటికి రానివ్వాలి.

వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు. చెప్పులు మెత్తనివి వేసుకోండి, తలా ఒక లీటరు నీళ్ళు పట్టుకోండి. మేము జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం కట్టుకుపోయాం. తిరిగొచ్చేటప్పుడు బిద్రీ పనివాళ్ళ దుకాణంలో ఆగండి. జింకు, రాగి కలిపి పోసిన లోహంలో వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టితో నలుపు తెప్పిస్తారు. ఎండా వానా తగలని పాత గోడల దగ్గరి మట్టే దానికి పనికొస్తుందట, పనివాళ్ళు నాలుక మీద వేసుకుని రుచి చూసి ఎంచుకుంటారట. మా అత్తమ్మకు చిన్న కుంకుమ భరిణె ఒకటి కొన్నాను.